‘ఇక పెజెప్‌స్కూక్ వచ్చింది’: ఆండ్రోస్కోగిన్ భూవివాదంలో ఒక అబెనాకి సాక్ష్యం (కేస్ స్టడీ)

అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో భూముల టైటిల్ వెతకడం నా పని. ఇల్లో అడవో కొనేవాళ్ల తరఫున లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ పోయి రిపోర్టు రాస్తాం. మామూలు కొనుగోలుకి నలభై ఏళ్లు వెనక్కి వెళ్తే చాలు. ఎప్పుడైనా ఎవరో ఒకరు పూర్తిగా మొదటిదాకా చూడమంటారు. ఆండ్రోస్కోగిన్ నదికి అటూ ఇటూ ఉన్న బ్రన్స్‌విక్, టాప్‌షమ్, లూయిస్టన్ పట్టణాల్లో అలా అడిగితే, చాలా గొలుసులు 1684 జులై 7 నాటి ఒకే దస్తావేజు దగ్గరికి చేరతాయి. ఆ దస్తావేజులోని ఒక్క మాట మీద తర్వాత వందేళ్లకు పైగా గొడవ నడిచింది. ఆ గొడవలో పెరెపోల్ అనే అబెనాకి మనిషి ఇచ్చిన వాంగ్మూలమే ఈ కేస్ స్టడీ విషయం. అబెనాకిలు అంటే ఆ నేల మూలవాసులు. కింద పాత కాగితాల్లో ‘ఇండియన్’ అని వచ్చేది ఇలాంటి అమెరికా మూలవాసుల గురించే.

చిన్న వాంగ్మూలం. అరపేజీ కూడా ఉండదు. మెయిన్ చరిత్ర రాసినవాళ్లు దాన్ని ఊరి పేర్ల అర్థాలు చెప్పడానికి వాడుకుని వదిలేశారు. నా ఉద్దేశంలో అది ఒక నదికి నోటితో గీసిన సర్వే పటం. దాన్ని సాక్ష్యంగా ఎలా చదవాలో, కోర్టు కాగితంలో సాక్షి గొంతు ఎక్కడ మొదలవుతుందో చూపించాలని ఇది రాస్తున్నాను.

దస్తావేజు

అమ్మినవాళ్లు వారంబీ, ఆయనతోపాటు మరో ఐదుగురు అబెనాకి పెద్దలు. కొన్నవాడు బోస్టన్ వర్తకుడు రిచర్డ్ వార్టన్. భూమి ‘ఆండ్రోస్కోగిన్ ఫాల్స్‌లో అన్నిటికంటే పై భాగం’ నుంచి మొదలై పడమటికి నాలుగు మైళ్లు, అక్కడి నుంచి కిందికి సముద్రం పక్కనున్న మక్వాయిట్ దాకా వస్తుంది. నదికి అవతలి పక్క అదే ఫాల్స్ నుంచి మెర్రీమీటింగ్ బే దాకా, కెన్నెబెక్ నది దాకా. రాళ్లు లేవు, కొలతలు లేవు. మొత్తం హద్దు ఒక జలపాతం మీద వేలాడుతోంది.

నది పొడవు సుమారు 178 మైళ్లు. న్యూహాంప్‌షైర్ సరిహద్దులోని అంబగాగ్ సరస్సులో పుట్టి, మెర్రీమీటింగ్ బేలో కెన్నెబెక్‌తో కలుస్తుంది. దారి పొడవునా జలపాతాలే. సముద్రపు పోటు ఆగిపోయే చోట బ్రన్స్‌విక్ ఫాల్స్. దానికి ఇరవై మైళ్ల పైన లూయిస్టన్ ఫాల్స్. అందుకే దానికి ట్వెంటీ మైల్ ఫాల్స్ అని కూడా పేరు. ఇంకా చాలా పైన, ఇప్పటి రోడ్డు మీద లూయిస్టన్ నుంచి దాదాపు నలభై ఐదు మైళ్ల దూరంలో రంఫర్డ్ ఫాల్స్. ‘అన్నిటికంటే పైది’ అంటే ఈ మూడింటిలో ఏది? బ్రన్స్‌విక్ అంటే వార్టన్ కొన్నది తీరం వెంబడి ఒక చిన్న ముక్క. లూయిస్టన్ అంటే కొన్ని పట్టణాలంత. రంఫర్డ్ అంటే ఒక జిల్లాను మించిన నేల.

వార్టన్ 1689లో చనిపోయాడు. ఆయన హక్కుని 1714లో బోస్టన్, పోర్ట్స్‌మత్ వ్యాపారులు ఎనిమిదిమంది కలిసి 140 పౌండ్లకి కొన్నారు. వీళ్లకే పెజెప్‌స్కాట్ ప్రొప్రయిటర్లని పేరు. అంటే పట్టాదారుల సిండికేట్. పట్టణాలు వేయించారు, ప్లాట్లు అమ్మారు, పక్కనున్న కెన్నెబెక్ కంపెనీతో దశాబ్దాలు పోట్లాడారు. ఆ పక్క వివాదంలోనూ ప్రశ్న ఇలాంటిదే: కెన్నెబెక్ అనే పేరు మెర్రీమీటింగ్ బే దగ్గర ఆగిపోయి కింద సాగడహాక్ అవుతుందా, లేక సముద్రం దాకా కెన్నెబెక్కేనా? నది పేరు ఎక్కడ ఆగితే భూమి అక్కడ ఆగుతుంది కాబట్టి రెండు కంపెనీలూ ముసలివాళ్లని వెతికి వెతికి వాంగ్మూలాలు తీసుకున్నాయి.

స్వాతంత్ర్య యుద్ధం అయ్యాక ప్రతివాది మారాడు. అప్పట్లో మెయిన్ మసాచుసెట్స్‌లో భాగం. యుద్ధం అప్పులు తీర్చడానికి రాష్ట్రం తూర్పు భూములు అమ్ముకోవాలనుకుంది. ప్రొప్రయిటర్లు రంఫర్డ్ దాకా మాదే అంటే ప్రభుత్వానికి అమ్ముకోవడానికి మిగిలేది తగ్గిపోతుంది. 1787లో శాసనసభ ఒక తీర్మానంతో తేల్చేసింది: ట్వెంటీ మైల్ ఫాల్సే అన్నిటికంటే పై జలపాతం. ప్రొప్రయిటర్లు ఒప్పుకోలేదు. వాళ్ల తరఫున ఊళ్లు తిరిగింది జోసయా లిటిల్ అనే భాగస్వామి. ప్రభుత్వం వైపు 1790 నుంచి అటార్నీ జనరల్‌గా ఉన్నది జేమ్స్ సల్లివన్. ఈ సల్లివన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు. ఈ ఇద్దరి మధ్యలో నలిగింది అడవి నరికి పొలం చేసుకున్న రైతులు. తాము ఎవరికి డబ్బు కట్టాలో, కట్టినా రేపు ఇంకొకడు వచ్చి అడగడని ఎవరు హామీ ఇస్తారో తెలియని టెన్షన్‌లో ఒక తరం గడిచిపోయింది.

ఈ దశలో, 1790ల తొలినాళ్లలో, పెరెపోల్‌ని ప్రమాణం చేయించి అడిగారు.

వాంగ్మూలం

ఇంగ్లిషు మూలాన్ని వీలైనంత దగ్గరగా తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

‘యుక్తవయస్కుడనైన పెరెపోల్ అనే నేను సాక్ష్యమిచ్చి చెప్పేదేమంటే, ఇప్పుడు మెర్రీమీటింగ్ బే అంటున్న క్వాబకూక్ నుంచి, ఇంగ్లిషువాళ్లు హారిస్ ఫాల్స్ అనే అమిట్గన్‌పొంటూక్ దాకా ఈ నదికి ఇండియన్ పేరు పెజెప్‌స్కూక్. హారిస్ ఫాల్స్ నుంచి పైకి నది అంతటినీ అమ్మోస్కాంగన్ అనేవాళ్లు. నది మీద అన్నిటికంటే పెద్ద జలపాతం రాకమెకూక్‌కి పన్నెండు మైళ్ల పైన ఉంది. ఆ జలపాతం మూడు అంచెలుగా దూకుతుంది. అలాంటిది ఈ నది మీద ఇంకొకటి లేదు. ఇండియన్లు సాల్మన్ చేపలు ఎక్కువగా పట్టింది ఆ జలపాతం కిందనే. రాకమెకూక్ నుంచి నది వెంట దిగి వచ్చేటప్పుడు, హారిస్ దగ్గరి జలపాతం దాటి కిందికి రాగానే, ఇక పెజెప్‌స్కూక్ వచ్చింది అనేవాళ్లు.’

ఇలాంటి కాగితం చేతికొస్తే నేను మొదట చేసే పని, గుమాస్తా మాటల్నీ సాక్షి మాటల్నీ విడదీయడం. ‘యుక్తవయస్కుడనైన, సాక్ష్యమిచ్చి చెప్పేదేమంటే’ అన్నది ఫార్మాట్. ఏ కోర్టులోనైనా, ఏ సాక్షి నోట్లోనైనా అదే పెడతారు. తర్వాత వచ్చే జంట పేర్లు, అంటే ఇది ఇండియన్ పేరు, అది ఇంగ్లిషు పేరు అన్నవి, వకీలు అడిగిన ప్రశ్నల జాడలు. పేరుకి పేరు జతపడకపోతే ఆ కాగితం కేసులో దేనికీ పనికిరాదు కాబట్టి ఒక్కొక్కటీ అడిగి రాయించి ఉంటారు. మూడు అంచెలు, సాల్మన్, పైనుంచి దిగి రావడం, ‘ఇక పెజెప్‌స్కూక్ వచ్చింది’ అనడం: ఇవి ఏ ఫార్మాట్‌లోనూ ఉండవు. ఇంగ్లిషు మూలంలో ఆ చివరి వాక్యం వ్యాకరణం కూడా మారిపోతుంది. అక్కడ గుమాస్తా కలం సాక్షి వెనక పరిగెత్తింది.

ఆ చివరి వాక్యం నాకు అన్నిటికంటే విలువైనది. మొదటి వాక్యంలో నది కింద నుంచి పైకి సాగింది: బే నుంచి హారిస్ ఫాల్స్, అక్కడి నుంచి పైకి. దస్తావేజులు ఇలాగే సాగుతాయి, ఎందుకంటే ఇంగ్లిషువాళ్లు సముద్రం వైపు నుంచి వచ్చారు. చివరి వాక్యంలో సాక్షి దిశ మార్చేశాడు. రాకమెకూక్ నుంచి కిందికి దిగుతున్నాడు. రాకమెకూక్ అంటే ఇప్పటి కాంటన్ పాయింట్ దగ్గర, నది మలుపులో ఉన్న సారవంతమైన మైదానం. అక్కడ అబెనాకి ఊరు ఉండేది, మొక్కజొన్న పండించేవాళ్లు. ఇంటి నుంచి బయల్దేరినవాడి లెక్క అది.

పేరు మారేది ఎక్కడ? లూయిస్టన్ ఫాల్స్ దగ్గర. వాంగ్మూలంలోని హారిస్ ఫాల్స్ అదే. బిర్చ్ బెరడు పడవలో వచ్చేవాడు అక్కడ నీళ్లలో ముందుకి వెళ్లలేడు. ఒడ్డుకి లాగాలి, సామాను దింపాలి, పడవ భుజానికెత్తుకుని రాళ్ల పక్క కాలిబాటన నడవాలి, కింద మళ్లీ నీళ్లలో వేయాలి. మళ్లీ పడవ ఎక్కేసరికి నీళ్లు వేరు, చేపలు వేరు, పేరూ వేరే. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పేర్లు పెట్టుకోవడం చూసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

చేపలు వేరు అన్నది వర్ణన కోసం అన్నది కాదు. మత్స్యశాఖ శాస్త్రజ్ఞులు ఆండ్రోస్కోగిన్ పాత పరిస్థితి గురించి చెప్పే లెక్క ఇది: ఆనకట్టలు కట్టకముందు సముద్రం నుంచి ఎదురెక్కే షాడ్, ఏల్‌వైఫ్ జాతులు లూయిస్టన్ ఫాల్స్ దగ్గర ఆగిపోయేవి. సాల్మన్ మాత్రం దాన్ని దాటి రంఫర్డ్ ఫాల్స్ దాకా వెళ్లేది. అక్కడి ఎత్తు సాల్మన్‌కీ చేతకాదు. ఒక మైలు లోపలే నది నూట డెబ్భై అడుగులకు పైగా దిగుతుంది. ముందుకి పోలేక ఆ మడుగుల్లో గుంపులుగా నిలబడిపోయిన చేపని పట్టడం సులువు. ‘సాల్మన్ ఎక్కువగా పట్టింది ఆ జలపాతం కిందనే’ అని పెరెపోల్ చెప్పింది సరిగ్గా ఇదే. భూమి ఎవరిదో అని కొట్టుకుంటున్న ఇద్దరిలో ఎవరికీ ఈ చేప సంగతి అక్కర్లేదు, కల్పించి చెప్పాల్సిన అవసరం సాక్షికీ లేదు. అక్కర్లేని చోట చెప్పిన వివరం నిజమని తేలినప్పుడు మిగతా సాక్ష్యం బరువు పెరుగుతుంది. ఇప్పుడు మీరు రంఫర్డ్ వెళ్లి చూసి దీన్ని నిర్ధారించుకోలేరు. కింద వరసగా ఆనకట్టలున్నాయి, సముద్రపు చేప అక్కడికి చేరదు.

దూరం కూడా సరిపోతుంది. కాంటన్ పాయింట్ నుంచి రంఫర్డ్‌కి పన్నెండు మైళ్లు అన్నది ఇప్పటి పటం మీద పెట్టి చూసినా పెద్ద తేడా రాదు.

ఎవరికి పనికొచ్చింది

ఈ కాగితం మనకి దొరికేది పెజెప్‌స్కాట్ ప్రొప్రయిటర్ల రికార్డుల్లో. ఆ ఒక్క విషయమే చాలా చెబుతుంది. వాళ్ల వాదనకి ఇది ఎలా అతుకుతుందో చూడండి. పెరెపోల్ చెప్పిన అమ్మోస్కాంగనే ఇంగ్లిషు కాగితాల్లో ఆండ్రోస్కోగిన్, పెజెప్‌స్కూకే పెజెప్‌స్కాట్. నదిలో ‘ఆండ్రోస్కోగిన్’ అనేది హారిస్ ఫాల్స్ పైన ఉన్న భాగం మాత్రమే అయితే, బ్రన్స్‌విక్ జలపాతం ఆండ్రోస్కోగిన్ ఫాల్స్ కానే కాదు, అది పెజెప్‌స్కాట్ మీది జలపాతం. లూయిస్టన్ ఫాల్స్ రెండు పేర్ల మధ్య గడప. ‘ఆండ్రోస్కోగిన్ ఫాల్స్‌లో అన్నిటికంటే పైది’ అని వెతుక్కుంటూ పైకి పోతే మిగిలేది రంఫర్డ్. మూడు అంచెలది, నది మీద సాటిలేనిది. అలా చదివితే సాక్ష్యం ప్రొప్రయిటర్లకి కోరుకున్నది ఇచ్చినట్టే. 1684 దస్తావేజులో ఆండ్రోస్కోగిన్‌తోపాటు పెజెప్‌స్కాట్ నది అన్న పేరు కూడా విడిగా కనిపిస్తుంది కాబట్టి ఆ వాదన గాలిలో కట్టింది కూడా కాదు.

అంతమాత్రాన పెరెపోల్ వాళ్ల సాక్షి అయిపోడు. ఆయన చెప్పినదాంట్లో రంఫర్డే హద్దు అన్న మాట ఎక్కడా లేదు. వారంబీ ఏ జలపాతం అనుకుని గుర్తు పెట్టాడో ఆయన చెప్పలేదు. అడిగినా చెప్పలేడు, మధ్యలో వందేళ్లకు పైగా ఉంది. నదిని తన వాళ్లు ఏమనేవాళ్లో చెప్పాడు, ఎక్కడ మారుతుందో చెప్పాడు, అక్కడితో ఆపాడు. మంచి సాక్షి లక్షణం అది. దాన్ని హద్దుగా మార్చే పని వకీళ్లది.

సాంకేతికంగా ఒక మాట. ‘అనేవాళ్లు’ అన్నది విని చెప్పిన మాట, అది సాక్ష్యమెలా అవుతుందని మన దగ్గర జూనియర్లు అడుగుతుంటారు. హద్దుల విషయంలో న్యాయశాస్త్రం పాతకాలం నుంచే మినహాయింపు ఇచ్చింది. నేటి అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 803వ రూల్ 20వ క్లాజు కూడా ఇదే: వివాదం పుట్టకముందు నుంచే ఒక సమాజంలో భూమి హద్దుల గురించి ఉన్న వాడుకని సాక్ష్యంగా తీసుకోవచ్చు. ‘వివాదం పుట్టకముందు’ అన్న షరతే దీనికి ప్రాణం. పడవ దిగి ఎక్కేటప్పుడు ‘ఇక పెజెప్‌స్కూక్ వచ్చింది’ అనుకున్నవాళ్లు బోస్టన్ సిండికేట్ పేరు కూడా వినకముందు నుంచి ఆ మాట అంటున్నారు. ఇంతకంటే స్వచ్ఛమైన వాడుక సాక్ష్యం నేను చదవలేదు.

అయితే ఆ వాడుక చెప్పే క్రియలన్నీ భూతకాలంలోనే ఉండటానికి కారణం ఉంది. దస్తావేజు అయిన ఆరేళ్లకి, 1690లో, మేజర్ బెంజమిన్ చర్చ్ దండు ఇదే నది మీదికి వచ్చి అబెనాకి కోటని కొట్టింది. పట్టుబడినవాళ్లలో వారంబీ భార్య, పిల్లలు ఉన్నారు. అమ్మకందారు కుటుంబమే ఖైదైన చోట, ఆ అమ్మకం హద్దుల మీద తర్వాత వంద సంవత్సరాల వ్యాజ్యం. యుద్ధం తర్వాత యుద్ధంతో నది మనుషులు చాలామంది ఉత్తరాన కెనడాలో సెయింట్ ఫ్రాన్సిస్ నది ఒడ్డున ఓడనాక్‌కి చేరుకున్నారు. 1790ల నాటికి ఈ నది పాత పేర్లు తెలిసిన మనిషి కోసం కంపెనీ వెతుక్కోవలసి వచ్చిందంటే, ఆ కంపెనీకి భూమి ఖాళీ అయిన తీరులోనే దానికి సమాధానం ఉంది.

తీర్పు సంగతి క్లుప్తంగా: గొడవ 19వ శతాబ్దంలోకి సాగి చివరికి రాజీలతో ముగిసింది. రంఫర్డ్ దాకా అన్న వాదన నెగ్గలేదు. అప్పటికే పొలం చేసుకున్న రైతుల్లో చాలామంది తాము చదును చేసిన నేలకే మళ్లీ డబ్బు కట్టి పట్టా తీసుకున్నారు.

అదే సల్లివన్, ఇంకో నది

పెజెప్‌స్కాట్ గొడవ నడుస్తుండగానే జేమ్స్ సల్లివన్‌కి ఇంకా పెద్ద పని వచ్చింది. 1783 పారిస్ సంధి అమెరికాకి, బ్రిటన్‌కి మధ్య తూర్పు హద్దు సెయింట్ క్రాయ్ నది అంది. పస్సమక్వాడీ అఖాతంలోకి ఒకటికంటే ఎక్కువ నదులు దిగుతాయి. అందులో సెయింట్ క్రాయ్ ఏది? 1794 జే ఒప్పందం కింద ముగ్గురు కమిషనర్లని వేశారు. అమెరికా తరఫు ఏజెంటు సల్లివన్, బ్రిటన్ తరఫు వార్డ్ చిప్‌మన్. అమెరికా తూర్పున ఉన్న మగగువాడవిక్ అంది, బ్రిటన్ పడమరనున్న స్కూడిక్ అంది.

ఇక్కడా అక్కడి మనుషులనే అడిగారు. వీళ్లు పస్సమక్వాడీలు. అబెనాకిలతో కలిసి వాబనాకి సమాఖ్యలోని దగ్గరి బంధుజనం. అమెరికా వాదనకి పెద్ద ఆధారం 1764 నాటిది. మసాచుసెట్స్ గవర్నర్ పంపిన సర్వేయరు జాన్ మిచెల్ అక్కడి ఇండియన్లని ప్రమాణం మీద అడిగితే వాళ్లు మగగువాడవిక్‌ని చూపించారని రికార్డు. కానీ అడిగిన ప్రశ్న చూడండి: ‘సెయింట్ క్రాయ్ ఏది?’ ఆ పేరు వాళ్లది కాదు. 1604లో ఫ్రెంచివాళ్లు దె మోన్స్, శాంప్లైన్ ఒక చిన్న దీవిలో కోట కట్టి ఆ చోటికి పెట్టిన పేరు. ఆ చలికాలం 79 మందిలో 35 మంది చనిపోతే మిగిలినవాళ్లు వదిలేసి పోయారు. పోయినవాళ్లు పెట్టిన పేరు ఏ నదిదో చెప్పమని నూటయాభై ఏళ్లు దాటాక ఇంకొకరిని అడగడం సాక్షికి అన్యాయం. పెరెపోల్‌ని కనీసం ఆయన వాళ్ల పేర్లే అడిగారు. సాక్ష్యం నాణ్యతలో తేడా అక్కడుంది. సాక్షి జాతిని బట్టి, చదువుని బట్టి నాణ్యత మారదు. ఆ పేరు సాక్షి సొంత వాడుకలోదా కాదా అన్నదే అసలు పరీక్ష.

చివరికి తేల్చింది శాంప్లైన్ గీసిన పటం, నేల. 1797లో రాబర్ట్ పేగన్ ఆ పటం పట్టుకుని స్కూడిక్ నదిలోని దీవి మీద తవ్వి చూస్తే కోట పునాదులు బయటపడ్డాయి. 1798 అక్టోబరు 25న కమిషనర్లు స్కూడిక్కే సెయింట్ క్రాయ్ అని తీర్పిచ్చారు. అలా గీసిన గీత పస్సమక్వాడీల నేలని రెండు దేశాలుగా చీల్చింది. సాక్ష్యం అడిగారు, కానీ గీత ఎక్కడ పడాలన్న విషయంలో వాళ్లు కక్షిదారులే కాలేదు.

సల్లివన్ ఒక నది మీద ఇండియన్ వాడుకని ఎదిరించే పక్షంలో, ఇంకో నది మీద అదే ఆధారంగా వాదించే పక్షంలో ఉన్నాడు. వకీలుగా అది తప్పు కాదు. ఆ కాగితాలు ఇప్పుడు చదివే మనం మాత్రం ప్రతి వాంగ్మూలం దగ్గరా ముందు అడగాల్సింది: దీన్ని రాయించింది ఎవరు, ఏం కావాలని?

అబెనాకిలు తమంతట తామే మాట్లాడిన చోట్ల మాట వేరేగా ఉంటుంది. 1717లో ఆరోసిక్ దీవి మీద మసాచుసెట్స్ గవర్నర్ షూట్‌తో జరిగిన సమావేశంలో వివుర్నా అనే పెద్ద, తమ భూములు కొన్నామని ఇంగ్లిషువాళ్లు ఎలా అంటున్నారో తమకు అర్థం కావడం లేదని, పోయిన భూమి తాము ఇచ్చిన కానుక అని చెప్పాడు. ఇంగ్లిషువాళ్లతో 1720ల యుద్ధాన్ని ముగించిన డమ్మర్ ఒప్పందం తర్వాత, పెనాబ్‌స్కాట్ నది అబెనాకిల పెద్ద లోరన్, ఇంగ్లిషు కాగితంలో ఉన్నది తాను అన్నది కాదని రాతపూర్వకంగా నిరసన తెలిపాడు. ఈ రెండూ పక్కన పెట్టుకోకుండా ఏ అబెనాకి వాంగ్మూలాన్నీ చదవకూడదని నా నియమం.

ఎవరూ అడగని క్లాజు

1684 దస్తావేజులో హద్దుల పేరా గురించి ఇంత రాశారు, ఇంత తిట్టుకున్నారు. అదే దస్తావేజు చివర్లో ఇంకో వాక్యం ఉంది. ఈ పత్రంలోని ఏ మాటా తమ పాత సాగుభూముల్ని సాగుచేసుకోకుండా, కంచె వేయని నేలలో వేటాడకుండా, తమ తిండి కోసం చేపలూ పక్షులూ పట్టకుండా తమని, తమ వారసుల్ని, తమ ప్రజల్ని ఆపదని అమ్మకందారులు రాయించుకున్నారు. ఒకే షరతు: ఇంగ్లిషువాళ్ల చేపల వేటకి నష్టం రాకూడదు.

ఇప్పుడు పెరెపోల్ మాటని దీని పక్కన పెట్టండి. ‘సాల్మన్ ఎక్కువగా పట్టింది ఆ జలపాతం కిందనే.’ రంఫర్డ్ దాకా మాదే అని ప్రొప్రయిటర్లు అన్నారంటే, రంఫర్డ్ మడుగుల్లో చేపలు పట్టుకునే హక్కు కూడా అదే దస్తావేజు కింద అబెనాకిలకి ఉందని ఒప్పుకోవాలి. ఒక చేత్తో పై హద్దు పట్టుకుని రెండో చేత్తో ఆ క్లాజుని పక్కకి తోసేయడం కుదరదు. వ్యాజ్యంలో ఎవరూ దీన్ని లేవనెత్తలేదు, ఎందుకంటే ఆ క్లాజు ఎవరికోసం రాశారో వాళ్లు వాదిగానో ప్రతివాదిగానో ఆ గదిలో లేరు. ఉన్నది ఒక సాక్షి. ఆయన్ని హక్కు గురించి అడగలేదు, పేరు గురించి అడిగారు. అయినా పేరు చెబుతూనే ఆ చోట తన వాళ్లు ఏం చేసేవాళ్లో కూడా చెప్పి వెళ్లాడు. నాకు ఈ కాగితం మీద ఉన్న గౌరవం అంతా ఆ సాల్మన్ మాట మీదే.

రిపోర్టులో ఎలా రాస్తున్నాను

నేటి చట్టం ప్రకారం ఈ గొలుసులో టైటిల్‌కి లోటు లేదు. 1980 నాటి మెయిన్ ఇండియన్ క్లెయిమ్స్ సెటిల్‌మెంట్ చట్టం ఈ రాష్ట్రంలో పాత ఇండియన్ బదిలీలన్నిటినీ వెనకటి తేదీ నుంచి ఆమోదించింది. కాబట్టి కొనేవాడికి దిగులు అక్కర్లేదని మొదటి లైనులోనే రాసేస్తాను. తర్వాతి భాగమే నాకు ముఖ్యం.

నది పేరు వచ్చిన ప్రతి పాత దస్తావేజుకి పక్కన ఆ పేరు నదిలో ఏ ముక్కదో రాస్తాను. 1684 నుంచి 1790ల దాకా ‘పెజెప్‌స్కాట్’ కనిపిస్తే మెర్రీమీటింగ్ బే నుంచి లూయిస్టన్ ఫాల్స్ దాకా అని, ఆధారం పెరెపోల్ అని. ‘ఆండ్రోస్కోగిన్’ ఏ స్పెల్లింగులో కనిపించినా, ఇంగ్లిషు రాతగాడు మొత్తం నదిని అంటున్నాడా, పై ముక్కనే అంటున్నాడా అన్నది పక్క హద్దుల్ని బట్టి విడిగా తేలుస్తాను. రెండూ కలిపేసి ఒకే పేరుగా ఇండెక్సు చేస్తే పొరపాటు హద్దులు వస్తాయి. ఒకే జలపాతానికి అమిట్గన్‌పొంటూక్, హారిస్ ఫాల్స్, ట్వెంటీ మైల్ ఫాల్స్, లూయిస్టన్ ఫాల్స్ అని నాలుగు పేర్లున్నాయి కాబట్టి వాటిని ఒకే వరుసలో పెడతాను, అబెనాకి పేరు ముందుండేలా. మిగిలిన మూడూ దాని మీద తర్వాత పెట్టినవే.

నది పేరు మీద సాక్ష్యం తీసుకునే అవకాశం ఇప్పుడు ఎవరికైనా వస్తే, పటం ముందు పెట్టి ‘ఇది ఏది’ అని అడగొద్దు. ‘ఎక్కడి నుంచి బయల్దేరేవాళ్లు, ఎక్కడ దిగేవాళ్లు, అక్కడ ఏం చేసేవాళ్లు’ అని అడిగి, వాళ్లు వెళ్లే దిశలోనే రాసుకోవాలి. ఇలాంటి సాక్ష్యాల అవసరం తీరిపోలేదు. పెనాబ్‌స్కాట్ నేషన్ తన రిజర్వేషన్‌లో నది నీళ్లు కూడా ఉన్నాయని, దీవులు మాత్రమే కాదని వేసిన కేసులో 2021లో ఫెడరల్ అప్పీలు కోర్టు పూర్తి బెంచి ఆ వాదనని తోసిపుచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికి నిరాకరించింది. ఆ కేసులోనూ తేలాల్సింది, పాత కాగితాల్లో రాసిన మాటల్లో నది ఉందా లేదా అన్నదే.